ఏప్రిల్‌లో పడవ వదులుతున్నాం

(అమలాపురంలో కళాశాల విద్యార్థులు, వారి తల్లిదండ్రులు హాజరైన సభలో ఒక చిన్న గేమ్ స్టూడియో నిర్వాహకురాలు చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీద ఉన్న పెద్దలకు, ఎదురుగా కూర్చున్న విద్యార్థులకు, వాళ్ళను ఒంటరిగా పంపడానికి మనసొప్పక వెంట వచ్చిన అమ్మానాన్నలకు నమస్కారం. కార్తీక మాసంలో ఆదివారం అంటే వనభోజనాల రోజు. ఉసిరి చెట్టు నీడ వదులుకుని ఈ హాలులో ఫ్యాన్ల కిందకు వచ్చారు. స్ఫూర్తినిచ్చే నాలుగు మాటలు చెప్పమని నిర్వాహకులు అడిగారు కానీ అవి నాకు రావు. మా ఆట ఎంతవరకు వచ్చింది, ఎప్పుడు విడుదల చేస్తున్నాం, ఆ తేదీ కోసం ఏమేమి వదులుకున్నాం, ఇవి చెబుతాను.

ముందు తల్లిదండ్రుల అనుమానం తీర్చాలి. గేమ్ కంపెనీ అనగానే మన వైపు పెద్దలు అడిగే మొదటి ప్రశ్న, "డబ్బు పెట్టి ఆడాలా అమ్మా?" అని. సంక్రాంతికి కోడిపందాల బరులు, వాటి పక్కనే పేకాట శిబిరాలు చూస్తూ పెరిగిన వాళ్ళు ఆ మాట అడగడంలో తప్పు లేదు. మన రాష్ట్రంలో ఆన్‌లైన్ రమ్మీ, పోకర్ లాంటి వాటిని 2020లోనే నిషేధించారు. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం డబ్బు ఒడ్డి ఆడే ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా నిషేధించింది. అదే చట్టం ఈ-స్పోర్ట్స్‌ను, పందెం లేని ఆటలను ప్రోత్సహించాలని కూడా చెబుతుంది, ఆ సగం మాత్రం పత్రికల్లో చిన్న అక్షరాల్లో వచ్చింది. మాది ఆ రెండో రకం. ఒకసారి కొనుక్కుంటారు, ఇంట్లో కూర్చుని ఆడుకుంటారు. లోపల మళ్ళీ డబ్బు అడిగే చోటు ఒక్కటి కూడా లేదు.

ఇక ఆట సంగతి. వంతెనలు రాకముందు, సరుకంతా లారీల చేతికి పోకముందు, 1960ల నాటి గోదావరి డెల్టా. ఆడేవారు ఒక సరంగు మనవరాలు. తాత మంచం పట్టాడు, పడవ ఆమె చేతికి వచ్చింది. కొబ్బరికాయలు, ధాన్యం బస్తాలు, లంక పొగాకు, పెళ్ళి సామాను, ఒక్కోసారి పురిటికి పుట్టింటికి వెళ్ళే అమ్మాయి, ఇవన్నీ రేవు నుంచి రేవుకు చేర్చాలి. ధవళేశ్వరం దగ్గర గోదావరి గౌతమి, వశిష్ఠ అని రెండుగా చీలుతుంది. వశిష్ఠ నుంచి వైనతేయ విడిపోతుంది. ఆ పాయలు, వాటి నడుమ లంకలు, ఆనకట్ట దగ్గర మొదలై ఊళ్ళ మధ్యకు వచ్చే కాలువలు, ఇదంతా మా ఆట స్థలం. కోటిపల్లి నుంచి ముక్తేశ్వరానికి దాటిస్తారు, నర్సాపురం నుంచి సఖినేటిపల్లికి దాటిస్తారు. గన్నవరం దగ్గర కాలువ మన నెత్తి మీదుగా వైనతేయను దాటుతుంటే కింద నదిలో పడవ నడుపుకుంటూ పోతారు. తుపాకులు లేవు, శత్రువులు లేరు. "మరి ఓడిపోవడం ఎలా?" అని మా తమ్ముడు అడిగాడు. ఇసుకలో దిగబడితే ఓడిపోవడమే.

ఈ నేలను ఎందుకు ఎంచుకున్నారని బయటివాళ్ళు అడుగుతారు. మీరు అడగరు. అయినా ఒక కారణం చెబుతాను. కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852కి పూర్తి చేసిన ఆనకట్ట పొలాలకు నీళ్ళిచ్చిందని మనకు బడిలో చెప్పారు. ఆ కాలువలు పడవల రాకపోకలకు కూడా తవ్వినవని అంతగా చెప్పలేదు. అందుకే వాటి మీద లాకులు ఉన్నాయి, అంటే పడవను ఒక నీటి మట్టం నుంచి ఇంకో మట్టానికి ఎక్కించి దించే తలుపుల గదులు. ఒక ఆటకు కావలసినదంతా ఆ లాకులోనే ఉంది. చేయవలసిన పని ఉంది, వరసలో చేయాలి, తప్పితే నష్టం ఉంది, ఎదురు చూడటం కూడా ఉంది.

ఇప్పుడు పని ఎంతవరకు వచ్చిందో చూద్దాం. నీటి పని పూర్తయింది, దాని గురించి కాస్త ఎక్కువ చెబుతాను, ఎందుకంటే మా సమయంలో పెద్ద వాటా అదే తిన్నది. ఆటల్లో నీరు అంటే సాధారణంగా సముద్రం. అలల మీద అలలు పేర్చే సూత్రాలు ఎప్పటి నుంచో అందరికీ అందుబాటులో ఉన్నాయి. నదికి అవి చాలవు. నదిలో నీరు ఎటు పోతోంది, ఎంత వడిగా పోతోంది అన్నది ప్రతి గజానికీ మారుతుంది. దీనికి ఫ్లో మ్యాప్ అనే పద్ధతి ఉంది. నది మొత్తానికి ఒక బొమ్మ గీస్తారు. ఆ బొమ్మలో ఎరుపు రంగు ఎంత ఉందో దాన్నిబట్టి నీరు అడ్డంగా ఎటు కదలాలో, ఆకుపచ్చ ఎంత ఉందో దాన్నిబట్టి నిలువుగా ఎటు కదలాలో కంప్యూటర్ లెక్క కడుతుంది. మా చిత్రకారిణి ఆ రెండు రంగులతోనే మూడు పాయలు గీసింది. ఆ బొమ్మ చూస్తే హోలీ మరునాటి గోడలా ఉంటుంది. ఆటలో మాత్రం వంపు బయటి వైపు నీరు వడిగా, లోపలి వైపు నెమ్మదిగా పోతుంది. పడవ అడుగున నాలుగు మూలల్లో నాలుగు చోట్ల నీటి మట్టం చూసి, ఏ మూల ఎంత తేలాలో నిర్ణయిస్తాం. బస్తాలన్నీ ఒకే వైపు పేరిస్తే పడవ ఆ వైపుకు ఒరుగుతుంది. దాన్ని ఎవరికీ నేర్పనక్కరలేదు, ఒరగగానే వాళ్ళే సర్దుకుంటున్నారు.

ఇసుక మేటలు ఇంకా గమ్మత్తు. ప్రతి వర్షాకాలం తరువాత ఆటలో మేటలు చోటు మారతాయి. కంప్యూటర్ ఒక అంకె తీసుకుని, దాన్నిబట్టి కొత్త మేటలు వేస్తుంది. ఏడాది ఆడి దారి బట్టీ పట్టినవాళ్ళు రెండో ఏడాది మళ్ళీ నీటి రంగు చూసి లోతు పసిగట్టవలసిందే. ఇది చూసి సఖినేటిపల్లి వైపు పంటు మీద, అంటే జనాన్ని, బండ్లను ఏరు దాటించే పెద్ద పడవ మీద, పనిచేసి మానేసిన ఒకాయన, "ఇదొక్కటి సరిగ్గా చేశారు" అన్నారు. తక్కినవి ఏమిటని నేను అడగలేదు.

లాకుల దగ్గర మాకు చిక్కు వచ్చింది. కింది తలుపులు తెరిచి పడవ లోపలికి తేవాలి, అవి మూయాలి, పై నుంచి నీరు వదలాలి, రెండు వైపులా మట్టం సమానమైతేనే పై తలుపులు కదులుతాయి. సమానం కాకముందు ఎంత తోసినా నీటి బరువుకు తెరుచుకోవు. ఇది నిజం, కానీ ఆడేవాళ్ళు ఆ కాసేపట్లో ఫోను చేతిలోకి తీసుకుంటున్నారు. నీరు నిండే వేగం పెంచేద్దామని ఒక వాదన వచ్చింది. నేను ఒప్పుకోలేదు. లాకులో నీరు చిటికెలో నిండితే ఇక అది లాకు ఎలా అవుతుంది? చివరికి కథలో ముఖ్యమైన కబుర్లన్నీ అక్కడికి మార్చాం. నీరు నిండేదాకా లాకు చూసుకునే లస్కరు మాట్లాడుతూ ఉంటాడు. ఏ రేవులో ఏ సరుకు ధర పెరిగింది, ఎవరింట్లో పెళ్ళి కుదిరింది, ఎగువన వాన ఎలా ఉంది, అన్నీ అతని నోటి నుంచే. ఇప్పుడు కొందరు పనిలేకపోయినా లాకు దగ్గరకు వెళుతున్నారు.

వరద అధ్యాయం కూడా ఆడదగిన స్థితిలో ఉంది. ధవళేశ్వరం దగ్గర నీటి మట్టం 11.75 అడుగులైతే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అయితే రెండోది, 17.75 అయితే మూడోది. ఈ అంకెలు ఇక్కడున్న పెద్దలకు ఫోను నంబర్ల కన్నా బాగా గుర్తుంటాయి. మొదటిదానికి సుమారు 10 లక్షల క్యూసెక్కులు, రెండోదానికి 13, మూడోదానికి 17 లక్షలు. ఇవి ఇప్పటి బ్యారేజీ లెక్కలు, మా కథ పాత ఆనకట్ట కాలానిది. తెలిసే పెట్టాం. టముకు వేసే మనిషి "పదమూడు ముప్పావు" అనగానే మన జనానికి వెన్నులో చలి పుడుతుంది, ఆ చలి కోసం చరిత్రను కొంచెం ముందుకు జరిపాం. ఇంకో సంగతి చూడండి. పడవల కబుర్ల కోసం మేం కలిసిన పెద్దలు ఎక్కడ మొదలుపెట్టినా 1986 ఆగస్టు దగ్గరకే వచ్చి ఆగారు. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటిన వరద అది. 2022 జూలై వరద చూసిన పిల్లలు కూడా "తాతయ్య చెప్పిన 86 అంత కాదు" అంటారు. అందుకని ఏటిగట్టు మీద కాపురాలు, పశువులను దాటించడం, పైకప్పు మీద పొయ్యి, ఈ దృశ్యాలన్నీ 86 జ్ఞాపకాల నుంచే తీసుకున్నాం.

తరువాత అక్షరాలు. తెలుగులో ఆట చేస్తామంటే "అనువాదం చివర్లో చేయించుకోవచ్చు కదా" అని సలహా ఇచ్చిన వాళ్ళు ఉన్నారు. మాకు మొదటి నుంచీ తెలుగే మూలం, ఇంగ్లీషే అనువాదం. ఇందులో తిప్పలు వేరు. "లక్ష్మి" అని రాస్తే మనకు రెండే అక్షరాలు కనిపిస్తాయి. కంప్యూటర్ లోపల యూనికోడ్‌లో అవి ఏడు గుర్తులు. ఆటల్లో మాటలు ఒక్కొక్క అక్షరమే టైపు అవుతున్నట్టు కనిపించే ఏర్పాటు ఉంటుంది కదా, దాన్ని ఇంగ్లీషు పద్ధతిలో పెడితే ముందు "ల", తరువాత "లక", ఆ తరువాత "లక్", ఇలా పొల్లు రాలుతూ వచ్చి చివరికి లక్ష్మి అవుతుంది. చదివేవాడికి నత్తి వచ్చినట్టు ఉంటుంది. ఆట తయారు చేయడానికి మేం వాడే సాఫ్ట్‌వేర్, గోడో ఇంజిన్, నాలుగో రూపం 2023 మార్చిలో వచ్చింది. అందులో హార్ఫ్‌బజ్ అనే వ్యవస్థ ఉంది కాబట్టి ఒత్తులు, గుణింతాలు సరిగ్గా కూర్చుంటాయి. అంతకు ముందటి మూడో రూపంలో అవి విడిపోయేవి. టైపు అవుతున్నట్టు చూపడానికి కూడా గుర్తులను లెక్కించాలా, కూర్చున్న అక్షరాలను లెక్కించాలా అని ఎంచుకునే వీలు అందులోనే ఉంది. అది తెలియక కోడు రాసి, తెలిశాక ఆ కోడు తీసేశాం.

ఒత్తుల ఎత్తు ఇంకో బాధ. ఇంగ్లీషు కోసం గీసిన బటన్లలో "రాష్ట్రం" రాస్తే కింద సగం తెగిపోతుంది. బటన్లన్నీ మళ్ళీ గీశాం. ఫాంట్లకు మాత్రం డబ్బు పెట్టనక్కరలేదు. మండలి, మల్లన్న, రామభద్ర, గిడుగు లాంటి తెలుగు ఫాంట్లు స్వేచ్ఛా లైసెన్సుతో ఎవరైనా ఉచితంగా వాడుకునేలా ఉన్నాయి. వాటిని తయారు చేసి అందరికీ ఇచ్చిన వాళ్ళకు ఈ వేదిక మీద నుంచి దండం పెడుతున్నాను.

మాటల తీరు గురించి మాలో మాకే గొడవ జరిగింది. గోదావరి యాసను తెర మీద నవ్వించడానికే వాడి వాడి, ఇప్పుడు ఆ యాసలో ఏడ్చినా జనం నవ్వే పరిస్థితి వచ్చింది. మా పాత్రలు యాసలోనే మాట్లాడతాయి. కానీ హాస్యం కోసం ఒక్క దీర్ఘం కూడా సాగదీయకూడదని నియమం పెట్టుకున్నాం.

ఇంజిన్ ఎంపిక గురించి కొందరు విద్యార్థులు చీటీ పంపారు. గోడో ఉచితం, మూలం తెరిచి ఉంటుంది, అర్జెంటీనాలో ఇద్దరు మొదలుపెట్టారు, 2014లో దాని కోడును అందరికీ తెరిచారు. అమ్మకాల్లో వాటా అడగదు. 2023 సెప్టెంబరులో ఇలాంటిదే మరో ఇంజిన్ ఇచ్చే యూనిటీ సంస్థ ఆట ఇన్‌స్టాల్ అయిన లెక్కన రుసుము వసూలు చేస్తామని ప్రకటించింది, ఏడాది తరువాత ఆ ఆలోచన వెనక్కి తీసుకుంది. ఆ ఏడాదిలో చాలామంది చిన్నవాళ్ళు గోడో వైపు వచ్చారు. పెద్ద ఉద్యోగాలు కావాలంటే మీరు యూనిటీ, అన్‌రియల్ కూడా నేర్చుకోండి. మా దగ్గరికి వస్తే గోడో.

చేయవలసినవి ఇంకా ఉన్నాయి. ఆటను మధ్యలో ఆపి మళ్ళీ అక్కడి నుంచే మొదలుపెట్టే ఏర్పాటు సగంలో ఉంది. చేతిలో పట్టుకునే కంట్రోలర్‌తో ఆడితే చుక్కాని ఇంకా మొండికేస్తోంది. గ్రాఫిక్స్ కార్డు లేని లాప్‌టాప్‌లో వరద అధ్యాయం నత్తనడక నడుస్తోంది. మీలో ఎక్కువమంది దగ్గర ఉన్నవి అవే లాప్‌టాప్‌లు కాబట్టి దాన్ని బాగుచేయకుండా విడుదల చేయం.

ఇక విడుదల. ఇక్కడే నేను ఈ రోజు గట్టిగా చెప్పదలచుకున్న మాట ఉంది. మేం ముందు తేదీ పెట్టుకున్నాం, తరువాత ఆటను ఆ తేదీకి సరిపోయేలా కోశాం. ఆట పూర్తయ్యాక తేదీ చూద్దామనుకున్న చిన్న స్టూడియోల ఆటలు ఎక్కువగా పూర్తి కావు. తేదీ ఏప్రిల్. ఉగాది దాటాక.

ఎందుకు ఏప్రిల్? మా దగ్గర రెండు క్యాలెండర్లు ఉన్నాయి. ఒకటి స్టీమ్ అనే దుకాణానిది, కంప్యూటర్ ఆటలు అమ్ముకోవడానికి ప్రపంచంలో అన్నిటికన్నా పెద్ద అంగడి అదే. రెండోది గోదావరిది. రెండూ కలిసే చోటు వెతకాలి.

స్టీమ్ సంగతి ముందు. ఒక్కో ఆటకు 100 డాలర్లు కట్టాలి, మన డబ్బులో ఎనిమిది, తొమ్మిది వేలు. అమ్మకాలు 1,000 డాలర్లు దాటితే ఆ రుసుము తిరిగి ఇస్తారు. కట్టిన తరువాత 30 రోజులు ఆగకుండా విడుదల కుదరదు. 'త్వరలో' అనే పేజీ కనీసం రెండు వారాలు జనానికి కనిపించాలి. పేజీనీ ఆటనూ వాళ్ళు పరిశీలిస్తారు, దానికి కొన్ని పనిదినాలు. విడుదలకు రెండు వారాలు మిగిలిన తరువాత తేదీ మార్చాలంటే వాళ్ళను అడిగి మార్పించుకోవాలి. రెండు వారాల పేజీతో విడుదల చేసేవాళ్ళు ఉన్నారు, అది ఆత్మహత్య. ఆట నచ్చినవాళ్ళు ముందే విష్‌లిస్టులో పెట్టుకుంటారు, విడుదలైన రోజు వాళ్ళందరికీ స్టీమ్ నుంచి మెయిల్ వెళుతుంది. మా చేతిలో ఉన్న ప్రచారం అదొక్కటే. అందుకే పేజీ ఈ నెలాఖరుకే తెరుస్తున్నాం. ఆట పేరు కూడా ఆ రోజే ప్రకటిస్తాం, అప్పటిదాకా అడగకండి.

ఏడాదికి మూడుసార్లు, ఫిబ్రవరి, జూన్, అక్టోబరు నెలల్లో, స్టీమ్ నెక్స్ట్ ఫెస్ట్ అని ఒక వారం నడుపుతుంది. విడుదల కాని ఆటల నమూనాలు ఉచితంగా ఆడిస్తారు. ఒక ఆటకు ఒక్కసారే అవకాశం. పండు పచ్చిగా ఉన్నప్పుడు వెళితే ఆ అవకాశం పోయినట్టే.

ఇప్పుడు గోదావరి క్యాలెండర్. నా మనసంతా జూలై మీద ఉంది. ఎర్రనీరు వస్తుంది, పులస కోసం జనం రేవుల దగ్గర చేరతారు, వరద ఆట వరద నెలలో విడుదల చేస్తే ఎంత బాగుంటుంది! కానీ విడుదలైన మొదటి వారం స్టూడియోకు నిద్ర ఉండదు. ఎక్కడో ఒకరి కంప్యూటర్‌లో ఆట ఆగిపోతుంది, గంటల్లో సరిచేసి పంపాలి. మన లంకల్లో జూలైలో కాజ్‌వే మునుగుతుంది, కరెంటు పోతుంది, దానితో నెట్టూ పోతుంది. మాలో ఇద్దరిది లంక గ్రామం. సెప్టెంబరు దాకా అదే భయం. అక్టోబరు, నవంబరు తుపానుల కాలం, 1996 నవంబరు 6 రాత్రిని ఇక్కడి కొబ్బరితోటలు ఎలా చూశాయో పెద్దలకు తెలుసు. సంక్రాంతికి మాలో ఎవరూ పని చేయరు. ఒకరు కొత్త అల్లుడు, భీమవరం నుంచి ఆయన తిరిగి రావడానికే వారం పడుతుంది. అందుకే ఫిబ్రవరి ఫెస్టుకు నమూనా డిసెంబరులోనే సిద్ధం కావాలి. మార్చిలో స్టీమ్ వాళ్ళ వసంత రాయితీలు, పెద్ద ఆటలన్నీ సగం ధరకు దొరికే రోజుల్లో కొత్తవాళ్ళను ఎవరు చూస్తారు? ఏప్రిల్ మధ్యలో కాలువలకు నీరు కట్టేస్తారు. ఎండ తప్ప ఇబ్బంది లేదు. ఇన్‌వర్టర్ పెట్టుకుంటాం.

ఏప్రిల్ కోసం ఏం కోశాం? సముద్రాన్ని. అంతర్వేది దగ్గర వశిష్ఠ సముద్రంలో కలిసే చోటు నుంచి తీరం వెంట కోరంగి దాకా ఒక ప్రయాణం రాసుకున్నాం. కోరంగి ఒకనాడు పెద్ద ఓడరేవు. 1789లో ఒకసారి, 1839లో మరోసారి తుపానులు ఆ ఊరిని ముంచేశాయి. తాత చెప్పే కథలో ఆ పాత కోరంగి వస్తుంది, మడ అడవి వస్తుంది. మా రచయిత రాసిన వాటిలో అన్నిటికన్నా బాగున్న భాగం అదే. కానీ సముద్రం అంటే పోటు, పాటు, అలలు, ఉప్పు గాలి, మేం చేసిన నీరేదీ అక్కడ పనికిరాదు. మళ్ళీ మొదటి నుంచి చేయాలి. తీసేశాం. ఆయన నాలుగు రోజులు మాతో సరిగ్గా మాట్లాడలేదు, పంచాయితీ ఒక పూట భోజనంతో తేలింది. ఆ భాగం విడుదల తరువాత, అమ్మకాలు బాగుంటే, ఉచితంగా కలుపుతాం. అమ్మకాలు బాగోకపోతే అది కాగితం మీదే ఉంటుంది.

ఇద్దరు కలిసి ఆడే పడవ పందెం కూడా తీసేశాం. దానికి ఎవరూ అలగలేదు.

డబ్బు గురించి. ధర మన దేశంలో రూ. 349 అనుకుంటున్నాం. మీరు ఇచ్చే ప్రతి 100 రూపాయల్లో జీఎస్టీ పోగా దాదాపు 85 మిగులుతుంది, అందులో 30 శాతం స్టీమ్ తీసుకుంటుంది, మా దగ్గరకు సుమారు 59 రూపాయలు వస్తాయి. కొన్న 14 రోజుల్లోపు, రెండు గంటలకన్నా తక్కువ ఆడి ఉంటే ఎవరైనా డబ్బు వెనక్కి తీసుకోవచ్చు. దీనివల్ల ఆట మొదటి రెండు గంటలు ఎలా ఉండాలో మళ్ళీ ఆలోచించవలసి వచ్చింది. ముందు మొదటి లాకు మూడో ప్రయాణంలో వచ్చేది, ఇప్పుడు మొదటి ప్రయాణంలోనే వస్తుంది. అమెరికాలో అమ్మిన దాని మీద అక్కడి పన్ను కోత ఉంటుంది, రెండు దేశాల ఒప్పందం ప్రకారం ఫారం నింపితే ఆ కోత 30 నుంచి 15 శాతానికి తగ్గుతుంది. ఇది నింపడం మరిచిపోకండి, పాన్ కార్డు దగ్గర పెట్టుకోండి.

ఇక్కడున్న బంధువులకు ఒక మనవి. పది రివ్యూలు వచ్చేదాకా ఆటకు స్టీమ్ స్కోరు చూపదు. కాబట్టి రివ్యూలు కావాలి. కానీ మేం ఉచితంగా కీ, అంటే ఆటను తెరిచే కోడు, ఇచ్చి ఆడించిన వాళ్ళ రివ్యూ ఆ స్కోరులో కలవదు, స్టీమ్‌లో డబ్బు పెట్టి కొన్నవాళ్ళదే కలుస్తుంది. మా పెద్దమ్మ పన్నెండు మంది పిల్లలతో ఐదేసి వాక్యాలు రాయించి సిద్ధంగా ఉంచింది. పెద్దమ్మా, కొని ఆడి, నచ్చకపోతే నచ్చలేదనే రాయించు.

ఇప్పుడు మీ చీటీలు.

"ఫోనులో ఎప్పుడు వస్తుంది?" ఇది ఇరవై చీటీల్లో ఉంది. నిజమే, మన ఊళ్ళలో కంప్యూటర్ లేని ఇల్లు ఉంటుంది, ఫోను లేని ఇల్లు ఉండదు. పంటు మీద పనిచేసిన ఆ పెద్దాయన కూడా ఫోనులోనే ఆడగలరు. కానీ ఫోను ఆటలో జనం ముందుగా డబ్బు కట్టడానికి ఇష్టపడరు, మేం ప్రకటనలు పెట్టం. గడ కర్రతో తోసే పని వేలితో చేస్తే స్క్రీను సగం వేలి కిందే పోతుంది, దాన్ని వేరేగా గీయాలి. పైగా గూగుల్ ప్లేలో కొత్తగా వ్యక్తిగత ఖాతా తెరిచినవాళ్ళు విడుదలకు ముందు కనీసం 12 మందితో 14 రోజులు వరసగా పరీక్షింపజేయాలి. ఖాతా రుసుము ఒక్కసారికి 25 డాలర్లు, అది పెద్ద సంగతి కాదు. కంప్యూటర్ ఆట విడుదలయ్యాక, వచ్చే వర్షాకాలంలో ఆ పని మొదలుపెడతాం. మొదటి రెండు ప్రయాణాలు ఉచితం, తక్కినవి ఒకేసారి కొనుక్కోవాలి. పన్నెండు మంది పరీక్షకులు ఈ హాలులోనే దొరుకుతారని నా నమ్మకం.

"మన దేశపు ఆటలను బయట ఎవరైనా కొంటారా?" కొంటారు. పుణె స్టూడియో చేసిన 'రాజి' 2020లో వచ్చింది. టొరంటోలో ఒక తమిళ కుటుంబం వంటింటి చుట్టూ అల్లిన 'వెన్‌బా'కు 2024లో తొలి ఆట విభాగంలో బ్రిటన్ వాళ్ళ బాఫ్టా అవార్డు వచ్చింది. అందులో ఇడ్లీ వండుతారు. ఇడ్లీ వండితే బాఫ్టా వచ్చినప్పుడు పూతరేకులు ఎందుకు ఊరుకోవాలి? మా ఆటలో ఆత్రేయపురం రేవు ఉంది, అంతే చెబుతాను.

"జీతాలు వస్తున్నాయా?" ఇది ఒక నాన్నగారి చీటీ, చేతిరాత చూస్తేనే తెలుస్తోంది. ఈ ఆట నుంచి ఇంకా రూపాయి రాలేదండి. నలుగురం నెలలో సగం రోజులు బయటి సంస్థలకు బొమ్మలు, యాప్‌లు చేసి పెడతాం, ఆ డబ్బుతో ఇల్లు గడుస్తుంది, తక్కిన సగం ఆటకు. ఇద్దరు పెళ్ళయినవాళ్ళు ఉన్నారు, వాళ్ళ ఇళ్ళలో ఇంకో జీతం ఉంది. అది లేకుండా ఉద్యోగం మానేసి ఇందులోకి దూకమని నేను ఎవరికీ చెప్పను. మీ అబ్బాయి చదువుతూనే చిన్న ఆట చేసి ఇచ్ అనే సైటులో పెట్టమనండి. అక్కడ రుసుము లేదు, అమ్మితే సైటుకు ఎంత వాటా ఇవ్వాలో కూడా మనమే నిర్ణయించుకోవచ్చు. ఐదు నిమిషాల ఆట చాలు, కానీ మొదలు నుంచి చివర దాకా ఉండాలి. ఉద్యోగానికి వచ్చిన వాళ్ళలో, సగంలో వదిలేసిన పెద్ద ఆట చూపించినవాళ్ళకన్నా, పూర్తయిన చిన్న ఆట చూపించినవాళ్ళనే నేను ముందు పిలుస్తాను.

"బొమ్మలకు ఏఐ వాడారా?" స్టీమ్‌లో ఇది వెల్లడించాలి, 2024 నుంచి ఆ గడి ఉంది. మా బొమ్మలు చేత్తో గీసినవి. మ్యాపు చుట్టూ అంచుకు నర్సాపురం లేసు అల్లిక చూసి గీసింది మా చిత్రకారిణి, వాళ్ళమ్మ అల్లిన టేబుల్ గుడ్డ ముందు పెట్టుకుని. ఆ గడి ఖాళీగా వదిలేస్తాం.

ఇంకా చీటీలు ఉన్నాయి కానీ అధ్యక్షులు గడియారం చూస్తున్నారు. వెనక బల్ల మీద మూడు లాప్‌టాప్‌లు పెట్టాం, అందులో మొదటి ప్రయాణం ఉంది. ఒక్కొక్కరూ ఇరవై నిమిషాలు ఆడవచ్చు. పక్కన మా వాళ్ళు పుస్తకం పట్టుకుని కూర్చుంటారు, మీరు ఎక్కడ ఆగారో రాసుకుంటారు. ఏం నొక్కాలని అడిగితే చెప్పరు, కోపగించుకోకండి, చెప్పవద్దని నేనే చెప్పాను. చెప్పితే మీరు ఎక్కడ తికమకపడుతున్నారో మాకు తెలియదు. పెద్దవాళ్ళు ముందు కూర్చోండి, పిల్లలు వెనక నిలబడి సలహాలు ఇవ్వకండి.